వంటింటి వేళకు తెలుగు, తీరిక వేళకు ఢిల్లీ

ప్రైవేటు చానళ్ల గోలకు విసిగినవాళ్లంతా ఇప్పుడు పాత దూరదర్శన్‌ను తలుచుకుని నిట్టూరుస్తున్నారు. చిత్రలహరి, జాబులు జవాబులు, వారానికో సినిమా, కాసేపు వార్తలు, రైతులకు కొంత, పిల్లలకు కొంత, స్త్రీలకో అరగంట. అన్నీ సరైన పాళ్లలో ఉండేవట! పాళ్లు కుదిరాయని మెచ్చుకునేది ఎప్పుడూ పీట మీద కూర్చుని తిన్నవాళ్లే. అవి ఎవరి నోటికి తగ్గట్టు కలిపారన్నదే నా తగాదా.

ముందు వేళల సంగతి. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరులో మొదలైంది. 1982 ఆగస్టు 15 నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాటితే ఢిల్లీ జాతీయ కార్యక్రమమే. ఆ తర్వాత ఊళ్లలో వెలసిన రిలే ట్రాన్స్‌మిటర్లు పేరుకే స్థానికం. పైనుంచి వచ్చింది కిందికి పంచడమే వాటి పని. తెలుగుకు మిగిలింది సాయంత్రం పూట. అంటే పొలం నుంచి వచ్చి, నీళ్లు తెచ్చి, పొయ్యి రాజేసే వేళ. ఆమె చేతులు తుడుచుకుని కూర్చునేసరికి తెర మీద హిందీ, ఆపైన ఇంగ్లీషు. ఢిల్లీ పెత్తనం గురించి మన మేధావులు సభలు పెట్టి మరీ మాట్లాడారు. ఆ పెత్తనం ఇంట్లో ఎవరి వాటాను ముందు కోసిందన్న మాట మాత్రం ఆ సభల్లో నేను వినలేదు.

ఇక పంపకం. వ్యవసాయ కార్యక్రమం "రైతు సోదరుల"ది. స్త్రీల కార్యక్రమం ఊరగాయలది, కుట్లు అల్లికలది, బిడ్డల పెంపకానిది. నాటు వేసేదెవరు? కలుపు తీసేదెవరు? విత్తనం దాచేదెవరు? తెర మీద ఆమె వంగిన నడుముగా కనిపిస్తుంది, మైకు మాత్రం గట్టు మీద నిలబడ్డ మనిషి దగ్గరికి వెళ్తుంది. పొలంలో ఆమె శ్రమ సోదరుల ఖాతాలోకి, వంటింట్లో ఆమె శ్రమ "గృహిణుల హాబీ" ఖాతాలోకి చేరిపోయాయి. స్త్రీలకు విడిగా చోటిచ్చామని గర్వపడే ఆ అరగంటే, మిగతా గంటలన్నీ మగవాళ్లవన్న ఒప్పుకోలు.

ఇది నేనిప్పుడు కనిపెట్టిందేమీ కాదు. దూరదర్శన్ కార్యక్రమాల మీద పి.సి. జోషి అధ్యక్షతన ప్రభుత్వమే వేసిన బృందం 1985లోనే చెప్పింది: స్త్రీల దృక్కోణం అన్ని కార్యక్రమాల్లోనూ ఉండాలి, స్త్రీల కార్యక్రమాలకే పరిమితం కాకూడదని. 1990 నాటి ప్రసార భారతి చట్టం పన్నెండో సెక్షన్ కూడా స్త్రీల స్థితిగతుల్ని, సమస్యల్ని ప్రసారకర్త బాధ్యతల్లో చేర్చింది. ఆ చట్టం అమల్లోకి రావడానికే ఏడేళ్లు పట్టింది. అమలయ్యాక కూడా "బాధ్యత" మళ్లీ ఆ అరగంటలోకే దూరింది.

"ప్రేక్షకులు కోరిందే ఇచ్చాం" అంటారు. ఏ ప్రేక్షకులు? కోరికలు జాబుల్లో వచ్చేవి. 1991 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ స్త్రీల అక్షరాస్యత 33 శాతం లోపే. జాబు రాయలేని మూడింట రెండు వంతుల మంది అభిరుచిని ఏ సంచిలోంచి తీశారో! "ఆడవాళ్లకు సీరియస్ విషయాలు పట్టవు" అనే మాటకు జవాబు కూడా ఆ కాలంలోనే ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక పోరాటానికి నిప్పు అందించింది అక్షరాస్యతా వాచకంలోని ఒక పాఠం. ఆ నిప్పు 1993 అక్టోబరుకల్లా రాష్ట్రంలో సారాను నిషేధింపజేసింది. చదవడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న ఆడవాళ్లు ఒక పాఠంతో చేసిన పని అది. వాళ్లకు టీవీ ఇవ్వదలచుకున్నది కొత్త రకం పచ్చడి.

మధ్యాహ్నం వేళ స్త్రీలదని 1990ల్లో మంజులా నాయుడు 'ఋతురాగాలు' రుజువు చేసింది. ఆ విజయం నుంచి మార్కెట్టు నేర్చుకున్న పాఠం మాత్రం సబ్బులు అమ్మడానికి అది మంచి సమయమని. తర్వాతి కథ మీకు తెలిసిందే.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో అన్నది. 2022 నాటికి, వ్యూహాత్మకమని ఎంచిన కొద్ది చోట్ల తప్ప, పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను మూసేశారు. పాతబడిన సాంకేతికత, తగ్గిన ప్రేక్షకులు అన్నారు. నిజమే కావచ్చు. ఫ్రీ డిష్‌కు నెలవారీ రుసుము లేదనీ అంటారు. గొడుగు, పెట్టె కొనే డబ్బు ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుంది? ఫోనులో చూసుకోమంటే, ఆ ఫోను ఎవరి జేబులో ఉంటుంది?

జహీరాబాద్ దగ్గర మాచునూర్‌లో 2008 నుంచి దళిత స్త్రీలు సంఘం రేడియో నడిపారు. విత్తనాల గురించీ పంటల గురించీ తమ యాసలో తామే మాట్లాడారు. అక్కడ "స్త్రీల కార్యక్రమం" వేరే పెట్టాల్సిన పని పడలేదు. సప్తగిరికీ, యాదగిరికీ జీతాలున్న సిబ్బంది ఉన్నారు, స్టూడియోలున్నాయి. రేపటి వ్యవసాయ కార్యక్రమంలో కూలి ఎంత ఇస్తున్నారని, పట్టా ఎవరి పేరున ఉందని మడిలో ఉన్న మనిషిని అడగమనండి. అదీ ఆమె తీరిగ్గా కూర్చుని తన జవాబు తానే చూసుకోగలిగే వేళకు ప్రసారం చెయ్యమనండి.