ఏ రేవునకు?

విహారనౌక నెక్కుటకు సింగపూరు పోవు మన సోదరీమణులు పెట్టెలు సర్దుటయందు చూపు శ్రద్ధలో సగమైనను టిక్కెట్టుమీది రేవు పేరు చదువుటయందు చూపవలెనని మా కోరిక. ఆ నగరమున నిట్టి రేవులు రెండు గలవు. ఒకటి హార్బర్‌ఫ్రంటు వద్దనున్న పాతది. రెండవది 2012లో తెరచిన మరీనా బే రేవు. "ఓడరేవునకు పోనిమ్ము" అని టాక్సీవానితో ననిన చాలదు.

చాంగి విమానాశ్రయమునుండి రైలున మరీనా బే రేవునకు పోవువారు తనా మేరాలో నొకమారు, సిటీ హాలులోగాని రాఫిల్స్ ప్లేసులోగాని మరియొకమారు బండి మారి, మార్గము చివరనున్న మరీనా సౌత్ పియరు స్టేషనున దిగవలెను. పిల్లలతో వచ్చువారికి టాక్సీయే సుఖమని మా యభిప్రాయము.

ఓడ కదలు వేళ వేరు, ప్రయాణికుల నెక్కనిచ్చు గడువు వేరు. ఈ గడువు గంట, గంటన్నర ముందే ముగియుట కలదు. పిమ్మట విమానమాలస్యమైనదని మొఱపెట్టుకొన్నను ప్రయోజనముండదు. అందుచేత ముందునాడే ఆ యూరు చేరుట మేలు. ఒక రాత్రి బస ఖర్చు, పోయిన టిక్కెట్టుకంటె తక్కువే.

రేవున పనివారు తీసికొను పెద్ద పెట్టెలు గదికి చేరుసరికి కొన్ని గంటలు పట్టును. కావున అత్తగారి మందులు, పసిపాప పాలపొడి, మార్చుకొను బట్టలు, ముఖ్యముగా పాసుపోర్టులు చేతిసంచిలోనే యుండవలెను. ఓడ తిరిగి సింగపూరునకే వచ్చునదైనచో, మీ వీసా రెండవమారు ప్రవేశింపనిచ్చునో లేదో యింటివద్దనే చూచుకొనుడు. అది మగవారి పని గదా యని యూరకుండకుడు.