క్లయింట్ కి తేడా తెలియకూడదు

ముందే చెప్పేస్తున్నా, ఇది ఓ అమెరికన్ రాక్ బ్యాండ్ గురించిన టపా. ఆ గోల మనకెందుకు అనుకునేవాళ్ళు సగం దాకా ఓపిక పట్టండి. మీ ఆఫీసు కూడా కనిపిస్తుంది.

ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో రూమ్మేట్ పెన్ డ్రైవ్ లోంచి ఓ ఫోల్డర్ కాపీ చేసుకున్నాను. అందులో జర్నీ బ్యాండ్ వాళ్ళ 'డోంట్ స్టాప్ బిలీవిన్' ఉంది. బ్యాండ్ పేరు, పాట పేరు తప్ప ఫైల్ కి ఇంకే వివరమూ లేదు. సప్లీ రాసే ముందు రాత్రి అదే పాట, ప్లేస్ మెంట్ ఇంటర్వ్యూలో రెండో రౌండ్ లో పోయిన రాత్రీ అదే పాట. పాడింది స్టీవ్ పెర్రీ అని ఎక్కడో చదివాను, నమ్మాను, హాస్టల్లో పది మందికి లెక్చరు కూడా దంచాను. ఉద్యోగం వచ్చాక కాస్త మంచి హెడ్ ఫోన్స్ కొనుక్కుని 1981 నాటి రికార్డింగ్ విన్నాను. ఏదో తేడా. డ్రమ్స్ వేరు, గొంతులో ఆ జీర వేరు. తవ్వితే తేలిందేంటంటే, నేను ఇన్నేళ్ళూ విన్నది 2008 లో మళ్ళీ రికార్డు చేసింది. పాడింది ఆర్నెల్ పినెడా.

అంటే ఒకాయన పాట విని ఏడ్చి, ఇంకొకాయనకి దండం పెట్టానన్నమాట!

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. జర్నీ 1973 లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైంది. 1977 లో స్టీవ్ పెర్రీ వచ్చాకే వాళ్ళ దశ తిరిగింది. 1981 నాటి 'ఎస్కేప్' అమెరికాలో నంబర్ వన్ ఆల్బమ్. నేను చెప్పిన పాట అందులోదే. తర్వాత విడిపోయారు, 1996 లో కలిసి ఇంకో ఆల్బమ్ చేశారు. ఈలోగా పెర్రీకి తుంటి దెబ్బతింది. టూర్లు కుదరవు. ఆపరేషన్ సంగతి ఏదో ఒకటి తేల్చమని వీళ్ళు, అది నేను తేల్చుకోవాల్సిన విషయం అని ఆయన. 1998 లో బ్యాండ్ వేరే గాయకుణ్ణి తెచ్చుకుంది. ఆయన తర్వాత ఇంకొకాయన వచ్చాడు. 2007 జూన్ 10న 'ద సొప్రానోస్' సీరియల్ ఆఖరి ఎపిసోడ్ ఈ పాటతోనే ముగిసింది. జనం మళ్ళీ ఆ పాట మీద పడ్డారు. విచిత్రం ఏంటంటే, సరిగ్గా అదే నెలలో అప్పటి గాయకుడితో జర్నీ తెగతెంపులు చేసుకుంది. ఊరంతా మన పాట పాడుతుంటే మన దగ్గర పాడే మనిషి లేడు!

అప్పుడు గిటారిస్టు నీల్ షాన్ యూట్యూబ్ లో వెతికి పినెడాని పట్టుకున్నాడు. మనీలాలో 'ద జూ' అనే బ్యాండ్ తో ఇలాంటి పాటలే పాడుకుంటున్నాడాయన, అప్పటికి దాదాపు 40 ఏళ్ళు. 2008 జూన్ లో 'రెవలేషన్' వచ్చింది. అమెరికాలో వాల్ మార్ట్ లో మాత్రమే అమ్మారు. ఒక డిస్కులో కొత్త పాటలు, రెండో డిస్కులో పినెడా చేత మళ్ళీ పాడించిన 11 పాత హిట్లు, పైన ఓ డీవీడీ. బిల్ బోర్డ్ లో 5వ స్థానంలో దిగింది.

నా గొడవ ఆ రెండో డిస్కుతో.

పినెడాతో కాదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే అప్పట్లో కొందరు అభిమానులు ఆయన గొంతుని వదిలేసి ఆయన దేశాన్నీ రంగునీ తిట్టారు. చిన్నప్పుడే తల్లి పోయి, మనీలాలో లునేటా పార్కులో పడుకుని, పాడుకుంటూ పైకొచ్చిన మనిషి. ఆయన పాడిన పాట పట్టుకునే నేను ఇంజనీరింగ్ గట్టెక్కాను. అలాంటివాణ్ణి ఒక్క మాటన్నా నాకు పాపం తగులుతుంది.

డబ్బు కోసం చేశారని కూడా నేననను. దీని వెనకున్న లెక్క చాలా మందికి తెలీదు. పాట వేరు, రికార్డింగ్ వేరు. మాటా వరసా కట్టినవాళ్ళ హక్కు ఒకటి, రికార్డు చేసిన టేపు మీద హక్కు ఇంకొకటి. ఆ రెండోది మామూలుగా రికార్డు కంపెనీ చేతిలో ఉంటుంది. సినిమాలోనో ప్రకటనలోనో పాట వాడాలంటే రెండు పర్మిషన్లూ కావాలి. అదే బ్యాండ్ కొత్తగా రికార్డు చేసుకుంటే రెండోది కూడా తన చేతికే వస్తుంది. మన భాషలో చెప్పాలంటే, కోడ్ రాసింది మనమే అయినా రిపోజిటరీ కంపెనీది. కాబట్టి మనం ఇంటికెళ్ళి మళ్ళీ మొదట్నుంచి రాసుకున్నాం. ఇందులో తప్పేముంది? పైగా ఈ పాట రాసినవాళ్ళలో పెర్రీ కూడా ఒకడు కాబట్టి రాసినందుకు ఆయన వాటా ఆయనకి ఉండనే ఉంటుంది.

మరి తప్పెక్కడ? ఎలా రాసుకున్నారన్న దగ్గర. అదే అరేంజ్ మెంట్, ఇంచుమించు అదే సోలో, అదే సాగదీత. ఒక మనిషిని తెచ్చి, మైకు ముందు నిలబెట్టి, నువ్వు నువ్వులా కాదు, వెళ్ళిపోయినవాడిలా పాడు అన్నట్టుగా ఉంటుంది ఆ డిస్కు. వినేవాడు పసిగట్టకపోతే అది సక్సెస్. నేను పసిగట్టలేదు. నా లాంటివాడే వాళ్ళ సక్సెస్.

ఇప్పుడు ఆఫీసు సంగతి. ఉద్యోగంలో చేరిన మూడో నెలలో, మానేసిన ఓ సీనియర్ స్థానంలో నన్ను వేశారు. మేనేజర్ పిలిచి ఒకటే మాట చెప్పాడు. "చూడు, నువ్వొచ్చినట్టు క్లయింట్ కి తేడా తెలియకూడదు. మెయిల్స్ కూడా అతను రాసినట్టే రాయి." ఆరు నెలలు అలాగే రాశాను. అతనిలాగే ప్రతి మెయిల్ మొదట్లో 'గ్రీటింగ్స్ ఆఫ్ ద డే' అని తగిలించాను (చచ్చినా నేను రాసే మాట కాదది). నాలుగు గంటలు నడిచే ఓ బ్యాచ్ జాబ్ ని రెండు శనివారాలు కూర్చుని నలభై నిమిషాలకి తెచ్చాను. క్లయింట్ నుంచి మెచ్చుకుంటూ మెయిలొచ్చింది. అందులో పేరు ఆ సీనియర్ ది! మేనేజర్ నవ్వుతూ "చూశావా, ఎంత స్మూత్ గా ట్రాన్సిషన్ అయిందో" అన్నాడు. ఆయన దృష్టిలో అది నాకిచ్చిన సర్టిఫికెట్. అదే రాత్రి బస్సులో ఆ పాట పెట్టుకున్నాను, మామూలుగానే. అప్పటికి అది పినెడా గొంతని నాకు తెలిసి నెల కూడా కాలేదు. సగంలో ఆపేశాను.

ఈ మాటంటే మిత్రులు మూడు రకాలుగా వాదించారు.

ఒకటి, "లైవ్ లో అవే పాటలు పాడితే లేని తప్పు రికార్డులో ఎందుకొచ్చింది?" లైవ్ లో మనిషి ఎదురుగా కనిపిస్తాడు బాబూ. ఘంటసాల గారు పోయింది 1974 లో. ఇప్పటికీ ఆయన వర్ధంతి సభల్లో ఎవరో ఒకరు ఆ పాటలు పాడతారు, మనం విని చప్పట్లు కొడతాం. ఆ చప్పట్లు పాడినవాడికే చేరతాయి. రికార్డులో ఆ మనిషి కనపడడు. నా పెన్ డ్రైవ్ దాకా వచ్చేసరికి ఆయన పేరు కూడా మిగల్లేదు.

రెండు, "పాట ముఖ్యం, పాడినవాడు కాదు." అలా అయితే అంత కష్టపడి పెర్రీలా పాడేవాణ్ణే ఎందుకు వెతికారట? గొంతు ముఖ్యం కాబట్టే కదా!

మూడు, "వేరేలా పాడితే జనం కొనరు." కొంటారో లేదో తర్వాత, చేసినవాళ్ళున్నారు. 2004 లో ఆంత్రాక్స్ అనే మెటల్ బ్యాండ్ తమ పాత పాటల్ని అప్పటి గాయకుడు జాన్ బుష్ తో మళ్ళీ రికార్డు చేసింది. స్టూడియోలో లైవ్ గా వాయించి, ఆల్బమ్ కి వేరే పేరు పెట్టి. పాత గాయకుడిది పై స్థాయిలో ఎగిరే గొంతు, బుష్ ది బరువైన మొరటు గొంతు. దాచే ప్రయత్నమే లేదు. నచ్చినవాడికి నచ్చింది, లేనివాడికి లేదు, కానీ మోసపోయినవాడు ఒక్కడూ లేడు. టేలర్ స్విఫ్ట్ 2021 నుంచి తన పాత ఆల్బమ్స్ మళ్ళీ రికార్డు చేసినప్పుడు పాడింది తనే అయినా, ప్రతి పాట పేరు పక్కన 'టేలర్స్ వెర్షన్' అని రాసింది. మనం రిలీజ్ కి వెర్షన్ నంబర్ ఎందుకు పెడతామో ఆవిడకి తెలిసినంత కూడా రాక్ బ్యాండ్లకి తెలీదా?

ఈ విషయంలో మన దేశం మెరుగే అంటే నమ్ముతారా? 1980ల్లో టీ-సిరీస్ వాళ్ళు పాత హిందీ పాటల్ని కొత్త గొంతులతో పాడించి చవక కేసెట్లు అమ్మారు. ఆ గొడవలన్నీ అయ్యాక, 2012 లో కాపీరైట్ చట్టంలో 31సి అనే సెక్షన్ చేర్చారు. దాని ప్రకారం కవర్ వెర్షన్ ని జనం పొరబడేలా ప్యాక్ చెయ్యకూడదు. పాత రికార్డులో పాడినవాళ్ళ పేరు గానీ బొమ్మ గానీ వెయ్యకూడదు. ఇది కవర్ వెర్షన్ అని అట్ట మీద రాయాలి. సింపుల్. నేనడిగేదీ అంతకంటే ఎక్కువ కాదు. బ్యాండ్ తన పాటని తనే మళ్ళీ చేసుకున్నా సరే, పాట పేరు పక్కన ఏ ఏడాది రికార్డింగో, ఎవరు పాడారో ఉండాలి. ఫైల్ ఎక్కడికి పోతే ఆ పేరు అక్కడికి పోవాలి.

2017 లో జర్నీని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ లోకి తీసుకున్నారు. పెర్రీ వచ్చాడు, మాట్లాడాడు, కానీ పాడలేదు. పాడింది పినెడానే. మైకు దగ్గర పెర్రీ ఓ పని చేశాడు, రాత్రి రాత్రీ ఈ పాటలు పాడుతున్న పినెడాని పేరు పెట్టి మెచ్చుకున్నాడు. వెళ్ళిపోయినవాడికి తట్టింది, తెచ్చుకున్నవాళ్ళకి 2008 లోనే తట్టాల్సింది.

ఇకపోతే ఆ పాత ఫైల్ ని నేను డిలీట్ చెయ్యలేదు. రీనేమ్ చేశాను. 'డోంట్ స్టాప్ బిలీవిన్, ఆర్నెల్ పినెడా, 2008'. ఆ బ్యాచ్ జాబ్ స్క్రిప్ట్ లో మాత్రం పైన కామెంట్ లో ఇంకా ఆ సీనియర్ పేరే ఉంది. సోమవారం ఆఫీసుకెళ్ళగానే దాని కింద నా పేరూ, తేదీ చేర్చబోతున్నా. ఆయన పేరు తీసెయ్యను, అదీ నిజమే కదా. మేనేజర్ అడిగితే ఈ టపా చూపిస్తాను :)