సర్దుకొనవలసినవా రెవరు?

పరదేశములలో చదువుకొను చీనా విద్యార్థులనుగూర్చి ఒక నింద చిరకాలముగ వినవచ్చుచున్నది. వారు స్థానికులతో కలియరట. తమలో తామే గుంపుగూడుదురట. పుస్తకము విడిచి తల యెత్తరట. కనుక వారి మనోవ్యాధికి వారే కారణమనియు, ఆ దేశపు టాచారములకు సర్దుకొనుటయే దానికి మందనియు పెద్దలు తీర్పు చెప్పుచున్నారు. ఈ తీర్పు అన్యాయమని మేము నిస్సంకోచముగ చెప్పుచున్నాము. సర్దుకొనినవారికి జరిగిన సన్మాన మెట్టిదో చూడుడు.

1854లో అమెరికాయందు యేల్ విశ్వవిద్యాలయమున పట్టము పొందిన యుంగ్ వింగ్ అను చీనా దేశస్థుని పట్టుదలవలన, 1872 మొదలు 1875 వఱకు ఏటికి ముప్పదిమంది చొప్పున 120 మంది బాలురు ఆ దేశమునకు పంపబడిరి. పలువురు పండ్రెండు పదుమూడేండ్ల పసివారు. వారి నందఱ నొకచోట కుక్కక, హార్ట్‌ఫర్డు ప్రాంతపు గృహస్థుల యిండ్లలో కొలదిమందిని చొప్పున ఉంచిరి. ఆ గృహిణులు వారిని తమ బిడ్డలతోపాటు పెంచిరి. కొన్ని యేండ్లలో ఆ బాలురు బేస్‌బాల్ ఆడ నేర్చిరి. కొందఱు మంచూ ప్రభువుల యాజ్ఞచే ధరింపవలసిన జడలనుగూడ కత్తిరించుకొనిరి. ఇంతకంటె సర్దుకొనుట యేమి కలదు? స్వదేశపు టధికారులేమో వారు మర్యాదలు మఱచి చెడిపోయిరని నివేదించిరి. అమెరికా ప్రభుత్వమేమో తన సైనిక విద్యాలయములలో వారికి చోటులేదనెను. 1881లో దాదాపు అందఱను వెనుకకు రప్పించిరి. షాంఘైలో దిగినవారికి స్వాగతమిచ్చినవారు కావలి భటులు! మఱుసటి యేడే అమెరికా చీనా కూలీల రాకను నిషేధించుచు శాసనము చేసెను. అది 1943 వఱకు తొలగలేదు. చెడిపోయిరన్నవారిలో నొకడైన జాన్ తియన్‌యూ, పెకింగునుండి జాంగ్‌జియాకౌ వఱకు పర్వతములను తొలిచి 1909లో రైలుమార్గమును ముగించెనని చెప్పకుండ ఉండలేము.

జపానులో లూషున్ మహాశయుని యనుభవము వేఱొక తీరుది. 1904లో ఆయన సెండాయి వైద్యపాఠశాలలో చేరెను. ఫుజినో అను నుపాధ్యాయుడు ఆయన వ్రాసికొను పాఠములను తెప్పించుకొని ఎఱ్ఱసిరాతో దిద్దుచుండెడివాడు. ఆయన పరీక్షలో ఉత్తీర్ణుడు కాగానే సహపాఠులు, ప్రశ్నలు ముందే తెలిసియుండునని అనుమానించిరి. చీనావాడు తనంత తాను నెగ్గునా యని వారి శంక! తప్పినచో తెలివిలేనివాడు, నెగ్గినచో దొంగ. ఇక నతడు దేనికి సర్దుకొనవలె?

నేటి సంగతి చూతము. 2019-20లో అమెరికాలోని చీనా విద్యార్థులు మూడులక్షల డెబ్బదివేలకు పైబడి యుండిరి. 2020లో అంటువ్యాధి ప్రబలగా, ఏ పాపమెఱుగని ఈ పిల్లలు వీధిలో దూషణలకు గురియైరి. అంతకు ముందే, 2013లో ప్రకటింపబడిన పరిశీలనలో, యుంగ్ వింగ్ చదివిన యేల్‌లోనే, ప్రశ్నింపబడిన చీనా విద్యార్థులలో నూటికి 45 మందికి మనోవ్యాకులతా లక్షణములు కనబడినవి. నూటికి పాతికమందికి పైగా, అట్టివారికి సలహా చెప్పు విభాగము ఆ విద్యాలయముననే కలదని యెఱుగనే యెఱుగరు! రుసుము చెల్లింపవలసిన స్థలమును తెలియనివాడు మాత్రము ఒక్కడునుండడు.

తల్లిదండ్రులనుకూడ విడువజాలము. చీనా భాషలో కష్టమోర్చుటను 'చేదు తినుట' యందురు. మంచికబురే ఇంటికి తెలుపవలెను, చెడ్డకబురు తెలుపరాదని మఱియొక నానుడి. ఒక్కబిడ్డపై ఆస్తినంతయు ఒడ్డిన యింటికి ఏ బాలుడు తన కన్నీటిని వ్రాసి పంపగలడు? ఇది మనకెఱుకలేని సంగతి కాదు. 2023-24లో అమెరికాకేగిన విద్యార్థుల సంఖ్యలో భారతదేశము చీనాను మించినది. అందు తెలుగుబిడ్డలు కొల్లలు. అప్పుచేసి పంపిన యింటికి వారును మంచికబురే చెప్పుచున్నారు.

మే మడుగునది దయకాదు. వచ్చినవాడు భాష నేర్చుకొనును, తిండి మార్చుకొనును, చలికోర్చును. ఇది వాని వంతు. పిలిచి రుసుము పుచ్చుకొన్నవారి వంతేది? హార్ట్‌ఫర్డు గృహిణులు నూటయేబదియేండ్ల క్రిందట చేసిన దానిలో పదవవంతయినను కోట్లు గడించు విశ్వవిద్యాలయములు చేయలేవా? ఫుజినో చేసినది ఎఱ్ఱసిరా ఖర్చే. లూషున్ ఆయన ఛాయాపటమును పెకింగులోని తన యింటి గోడకు తగిలించుకొని, రాత్రులు వ్రాయుచు అలసినప్పుడు తలయెత్తి దానివంక చూచెడివాడు.