తుపాకి కొయ్య జిగటకు గరుకు కాగితము మందు కాదు

పాత తుపాకి కొయ్య చేతికి బంకగా తగిలినచో, దానిని గరుకు కాగితముతో రుద్ది, పైపూతనంతయు తొలగించి, క్రొత్త వార్నిషు పూసినగాని ఆ దోషము పోదని తుపాకులు సేకరించువారిలోను, మరమ్మతు చేయువారిలోను పెక్కుమంది దృఢముగా విశ్వసించుచున్నారు. చేసిన పని వెంటనే కంటికి కనబడుటయు, మెఱుగెక్కిన కొయ్య చూపరులను మెప్పించుటయు ఈ విశ్వాసమునకు బలమిచ్చుచున్నవి. అయినను ఇది రోగమును గుర్తింపకయే శస్త్రము పట్టు వైద్యమనియు, దీనివలన పోవునది జిగటకంటె ఎంతయో విలువైనదనియు నా నిశ్చితాభిప్రాయము.

అన్ని జిగటలకును కారణమొక్కటి కాదు. అంటుపట్టీయో ధరచీటియో విడిచిపోయిన బంక పూతపై నిలిచిన పరాయి పదార్థము. అవిసెనూనెను దళముగా పూసి, మిగులును తుడువక విడిచినప్పుడు కలుగు జిగట అట్టిది కాదు. అది పూతయొక్క అపరిపక్వస్థితియే. అవిసెనూనె నీటివలె ఇగిరి ఆరదు, గాలిలోని ఆమ్లజనితో కలిసి గట్టిపడును. కావుననే దళసరి పూతలో పైపొర ముందుగా బిగిసి, లోనికి గాలి చొరనీయక, అడుగుభాగమును చిరకాలము మెత్తగా నిలిపియుంచును. సైనికుల గిడ్డంగులలో త్రుప్పునకు విరుగుడుగా పూయు కాస్మొలీను కొయ్యలోనికి ఇంకి, వేడి తగిలినప్పుడెల్ల పైకి ఊరుట వేరొక కారణము. దోమలు కుట్టకుండ చేతులకు రాసికొను డీట్ అను ద్రవ్యము కొన్ని వార్నిషులను మెత్తబరచుట మఱియొకటి.

కారణము తెలిసినచో ఉపాయము సులభము. ముందుగా తుపాకిలో తూటా లేదని రూఢి చేసికొనవలెను. పిమ్మట పూత ఏ జాతిదో విచారింపవలెను. ఏలన లక్కపాలిషు స్పిరిటులో కరగును, నైట్రోసెల్యులోజు లాకరు థిన్నరులోను అసిటోనులోను కరగును. గరుకు కాగితమును మాని అసిటోనును చేతబట్టువారు జాగ్రత్తపడితిమని తలతురుగాని, బంకతోపాటు పూతను గూడ పోగొట్టుకొందురు. అంటుపట్టీల రబ్బరు బంక నాఫ్తాకును, టర్పెంటైనుకును లొంగును. బాగుగా గట్టిపడిన నూనెపూతకు వానివలన సామాన్యముగా హాని లేదు. కొయ్య వెనుకకొనకు బిగించిన మడమపట్టా క్రిందనో, గొట్టము కూర్చుండు గాడిలోనో మొదట పరీక్షించి, తడిపిన మెత్తని గుడ్డను బంకపై కొంతసేపు ఉంచి, అది నానిన పిదప మెల్లగా తుడిచిన చాలును. అవిసెనూనె జిగటను టర్పెంటైను గుడ్డతో పలుచబరచి, తక్కినదానిని గాలికి విడువవలెను. కాస్మొలీనును సన్నని వేడితో పైకి రప్పించి, పలుమారు తుడువవలెను. నాఫ్తా తేలికగా అంటుకొనును గనుక నిప్పునకు దూరముగా, గాలియాడుచోట పనిచేయవలెను. అవిసెనూనె గుడ్డలు ఉండచుట్టి పడియున్నచో తమంతట తామే వేడెక్కి మండగలవు గనుక వానిని పఱచి ఆరబెట్టవలెను.

గరుకు కాగితము చేయునదేమి? బంక దాని రవ్వలలో నిండి, రాపిడి వేడికి మఱింత వ్యాపించును. అంతకంటె పెద్ద నష్టము వేరొకటి కలదు. ఉదాహరణమునకు, 1907లో బ్రిటిషు సైన్యము స్వీకరించిన మార్క్ 3 లీ ఎన్‌ఫీల్డ్ తుపాకి ఇంగ్లండులోనేగాక బెంగాలులోని ఇషాపురములోను తయారైనది; మన పోలీసులు చిరకాలము మోసిన త్రీనాట్‌త్రీ ఈ వంశములోనిదే. దాని మడమ కుడిప్రక్కన కర్మాగారపు ముద్రలు కొయ్యలోనికి ఒత్తబడియుండును. ఆ తుపాకి ఎచ్చట పుట్టినదో చెప్పు సాక్ష్యమది. రుద్దినకొలదియు అరిగి మాయమగును. ఇత్తడి మడమపట్టాతో సమముగా అమరిన కొయ్య తఱిగిపోయి, లోహపు అంచు పైకి పొడుచుకొనివచ్చును. క్రొత్త పూతను మరల పూయవచ్చునుగాని, పోయిన కొయ్యను మరల తెచ్చువాడు లేడు.

మృదువైన పద్ధతి కాలహరణమని ప్రతిపక్షులు వాదింతురు. నిజమే, దానికి ఓర్పు కావలెను. పూతయే పగిలి, పొరలూడి శిథిలమైనచోట దానిని తొలగింపక తప్పదనుటయు నిజమే. కాని డీట్ మెత్తబరచిన చోటు అరచేతియంత ఉన్నప్పుడు అంతమాత్రమునే బాగుచేయవచ్చును. బంక మరక యొకటి ఉన్నంతమాత్రమున కొయ్యనంతయు చెక్కుట న్యాయము కాదు. కడపటి ఉపాయమును మొదటి ఉపాయముగా బోధించుటయే ఈ వాదములోని దోషము.

కావున పాత తుపాకి చేతబట్టిన ప్రతివారికిని నా విన్నపమిది: మొదట ఆ జిగట ఏమిటో తెలిసికొనుడు, మఱుగుచోట పరీక్షింపుడు, అన్నిటికంటె మృదువైన ద్రవముతో ఆరంభింపుడు, అది విఫలమైనదని రుజువగువరకు గరుకు కాగితమును ముట్టకుడు.