అమ్మ సంతకం

మా అమ్మకు చదువు రాదు. సంతకం మాత్రం వచ్చు. మహిళా సంఘంలో లోను తీసుకోవాలంటే వేలిముద్ర కుదరదని, సంఘం లీడరమ్మ పట్టుబట్టి నేర్పించింది. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు అమ్మని మా ఊరి ప్రాథమిక పాఠశాల యాజమాన్య కమిటీలో మెంబర్‌గా వేశారు. నెలకో, రెండు నెలలకో బడి నుంచి ఓ పిల్లాడు రిజిస్టర్ పట్టుకుని ఇంటికో, చేను దగ్గరికో వచ్చేవాడు. "ఏడ పెట్టాలె బిడ్డా?" అని అడిగేది అమ్మ. వాడు వేలు పెట్టి చూపించేవాడు. అమ్మ సంతకం పెట్టేది. మీటింగ్ అయిపోయినట్టే.

అందులో ఏం రాసి ఉందో అమ్మకు ఎవరూ చెప్పలేదు. చదవడం వచ్చిన నేనూ చదివి వినిపించలేదు. ఇది గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గేస్తుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, దసరా సెలవులకి ఇంటికి పోయినప్పుడు అక్క కొడుకు పుస్తకం తీసి పాఠం గడగడా చదివాడు. వాడిప్పుడు నాలుగో తరగతి. నాకు సంబరమేసింది. ఊరికే మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేంట్రా?" అన్నా. నోరు తెరవలేదు. ఇంకో పేజీ తీశా. గుణింతాల దగ్గరే ఆగిపోయాడు. ముందు చదివింది చదువు కాదు, కంఠతా. అక్కని అడిగితే, "మంచిగనే చదువుతుండు గదరా. సార్లు ఒక గంట ఎక్కువ గూడ చెప్తున్నరట" అంది. ఆ గంట ఎందుకు ఎక్కువ చెప్తున్నారో అక్కకు తెలీదు. వాడు వెనకబడ్డాడు కాబట్టే చెప్తున్నారని నాకు అర్థమైంది. అసలు తెలియాల్సిన మనిషికి మాత్రం ఆ ముక్క ఎవరూ చెప్పలేదు.

నా బాధంతా ఇక్కడే. వెనకబడ్డ పిల్లలకి అదనంగా చెప్పడం ఎవరో దయతో చేసే పని కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలోని 24వ సెక్షన్ దాన్ని టీచరు బాధ్యతగా రాసింది. ఒక్కో పిల్లాడికి ఎంతవరకు వచ్చో చూడాలి, అవసరమైతే అదనంగా బోధించాలి. అదే సెక్షన్‌లో ఆ వెంటనే ఇంకో మాట ఉంది. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి గురించి వాళ్లకి చెప్పాలి. ఇక 21వ సెక్షన్ ప్రకారం యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. అంటే అదనపు బోధన, తల్లిదండ్రులు అనేవి రెండు వేరువేరు పథకాలు కావు. చట్టం వాటిని పక్కపక్కనే పెట్టింది. మనమే విడదీశాం.

మొదటి పని కోసం ప్రభుత్వం డబ్బు, మనుషుల్ని పెడుతూనే ఉంది. మూడో తరగతి అయ్యేసరికి ప్రతి పిల్లాడికీ చదవడం, చిన్న లెక్కలు రావాలని కేంద్రం 2021 జులైలో నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. మన తెలంగాణలో 2022-23లో తొలిమెట్టు వచ్చింది. టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చారు, పిల్లల స్థాయి పరీక్షించి రాసుకుంటున్నారు. మంచిదే. కానీ ఆ రాసుకున్నది పైఆఫీసుకి వెళ్తోంది గానీ, పత్తి చేనులో ఉన్న మా అక్క దాకా రావట్లేదు.

"మీటింగులు పెట్టి తల్లిదండ్రులకి హక్కుల గురించి చెబితే సరి" అని కొందరంటారు. అదీ సరిపోదు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ప్రథమ్ సంస్థకు చెందిన రుక్మిణీ బెనర్జీ తదితరులు ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో చేసిన పరిశోధన 2010లో అచ్చయింది. కొన్ని ఊళ్లలో మీటింగులు పెట్టి విద్యా కమిటీల గురించి, వాటి అధికారాల గురించి చెప్పారు. తల్లిదండ్రుల్లో గానీ, కమిటీల్లో గానీ, పిల్లల చదువులో గానీ చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఇంకొన్ని ఊళ్లలో స్థానిక యువతకి చదవడం నేర్పే పద్ధతిలో శిక్షణ ఇచ్చారు. వాళ్లు పెట్టిన క్యాంపులకి వచ్చిన పిల్లలకి చదవడం మెరుగైంది. నాకర్థమైంది ఏంటంటే, "బడిని మీరే పర్యవేక్షించండి" అనే పెద్ద మాట ఎవరినీ కదిలించదు. చేతిలో పెట్టే చిన్న పని కదిలిస్తుంది.

"టీచర్లు చేయాల్సిన పనిని కూలి తల్లి నెత్తిన పెడతావా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేర్పాల్సింది బడే, అందులో అనుమానం లేదు. ఒకే టీచరు ఐదు తరగతులకీ చెప్పే బళ్లున్నాయి, ఆ టీచరు కష్టం కూడా నాకు తెలుసు. నేను అడిగేది మూడే.

ఒకటి, పిల్లాడి స్థాయిని తల్లికి నోటితో చెప్పండి. "బి గ్రేడ్" అంటే మా అక్కకి ఏం అర్థమవుతుంది? "అక్షరాలు వచ్చాయి, ఒత్తులు రాలేదు" అంటే అర్థమవుతుంది.

రెండు, మీటింగ్ టైమ్ మార్చండి. పత్తి ఏరే రోజుల్లో పొద్దున పదకొండుకి రమ్మంటే ఆ రోజు కూలి పోయినట్టే. రాని తల్లిని "పట్టింపు లేదు" అనేముందు ఆ లెక్క కూడా వేయాలి.

మూడు, ఇంట్లో చేయగలిగే పని ఒకటి చెప్పండి. చదువు రాని అమ్మ కూడా రోజూ పది నిమిషాలు వినగలదు. వేలు పెట్టి చదవమనొచ్చు, మధ్యలో ఒక మాట చూపించి అడగొచ్చు, కథలో ఏమైందో చెప్పమనొచ్చు. వాడు తడబడితే ఆ సంగతి మర్నాడు సారుకి చెప్పొచ్చు.

సెలవులు అయిపోయేలోపు అక్కని పక్కన కూర్చోబెట్టి ఇదే చేయించా. మొదటిరోజు మేనల్లుడు ఏడ్చాడు, అక్క నా మీద కోప్పడింది. మూడోరోజు అక్కే పుస్తకంలో ఒక మాట మీద వేలు పెట్టి, "ఇదేందిరా?" అంది. అదేంటో అక్కకీ తెలీదు. వాడు కూడబలుక్కుని చెప్పాడు. తర్వాతి సోమవారం పనికి ఒక గంట లేటుగా వెళ్తానని మేస్త్రికి చెప్పి, అక్క బడికి పోయింది. "మావోనికి ఏమొస్తుంది, ఏమొస్తలేదు?" అని అడిగిందట. సారు కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పారట. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదని కూడా అన్నారట.

మనలో చాలామందిమి ఇలాంటి బళ్లలో చదివి వచ్చినవాళ్లమే. సంక్రాంతికి ఊరెళ్తాం కదా. ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న ఒక పిల్లాడి చేత ఒక పేజీ చదివించండి, వాళ్ల అమ్మ పక్కన ఉండగా. కమిటీ రిజిస్టర్ సంతకానికి వస్తే, ముందు చదివి వినిపించండి. నేను మా అమ్మకు చేయనిది అదే.