మోటారు గూడుబండికి మజిలీ ఎక్కడ?

కారవాన్ అనగానే మొన్నమొన్నటి దాకా మనవారికి తలపునకు వచ్చినది సినిమా చిత్రీకరణ వేళ తారలు విశ్రమించు చల్లని బండియే. ఇప్పుడు పడక, పొయ్యి, నీళ్లతొట్టి, మరుగుదొడ్డి సమస్తమును టెంపో ట్రావెలరంత బండిలో ఇముడ్చుకొని, పిల్లాపాపలతో కొండలకును కడలికిని బయలుదేరు గృహస్థులు మన రోడ్ల మీదను అగుపించుచున్నారు. కేరళ ప్రభుత్వము 2021లో ఈ విహారమునకై ఒక విధానమునే ప్రకటించినది. మన రాష్ట్రమునందును ఆ మాట వినవచ్చుచున్నది. వలదనుటకు నాకు కారణము కనబడదు. అయితే బండ్ల సంగతి ముందును, అవి రాత్రివేళ ఆగు చోటి సంగతి వెనుకను ఆలోచించుట తలక్రిందుల వ్యవహారము.

బండిలో కాపురము మనకు క్రొత్తది కాదు. గూడుబండిలో వరిగడ్డి పరచి, పైన బొంత వేసి, బియ్యమును పచ్చడి జాడీని సర్దుకొని శివరాత్రికి కోటప్పకొండకు తరలిన రైతునకు దారిలో చెరువుగట్టు, చింతతోపు, సత్రపు అరుగు ఉండెడివి. 1830 మే 18న చెన్నపట్టణము విడిచి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన కాశీయాత్ర చరిత్రలో, ఏ ఊర నీటివసతి ఎట్టిది, దిగుటకు చోటు కలదా, వెచ్చములు దొరకునా అను విషయములను మజిలీ మజిలీకి వ్రాసియుంచుట ఊరక కాదు.

గుంటూరు నుండి నరసరావుపేట, వినుకొండల మీదుగా పోయి, శ్రీశైలమునకు తూర్పు ద్వారమని పేరొందిన త్రిపురాంతకము దాటి, ఎర్రగొండపాలెము, దోర్నాల చేరు మార్గమును తీసికొందము. మాఘ ఫాల్గుణములలో ఈ త్రోవ కిరుప్రక్కల కల్లాలలో మిరప పండ్లు ఎర్రగా పరచియుండును. కిటికీ తెరచినచో బండిలోని ఇల్లిల్లంతయు తుమ్మును. దోర్నాల దాటిన తరువాతిది నల్లమల, వైశాల్యమున దేశములోనే పెద్దదైన పులుల అభయారణ్యము. ఘాటు దిగునప్పుడు బ్రేకునే నమ్ముకొనక తక్కువ గేరులో దిగవలెనని ఇచ్చటి ఆర్టీసీ డ్రైవర్లకు ఎవరును చెప్పనక్కరలేదు. మోటారు ఇంటికి మరియొక చిక్కు కలదు: సగము నిండిన తొట్టిలోని నీరు బండితో పాటు మలుపు తిరుగక ఒక్క క్షణము ఆలస్యముగా ప్రక్కకు ఒరిగి, అంతటి బరువునకు బండి వెనుక భాగము వెలుపలికి తూలును. కనుక తొట్టి నిండుగానో ఖాళీగానో ఉంచి ఘాటెక్కుట మేలు. అలమర తలుపునకు గడియ వేయనివారి గిన్నెల మ్రోత సంగతి వేరుగా చెప్పవలెనా!

రాత్రి తొమ్మిదింటికి మూసిన అటవీ గేటు ఉదయము ఆరింటికి గాని తెరవరు. ఈ నియమము కఠినమని విసుగుకొనువారు కలరు. నాకు మాత్రము అది ఇంకను సడలరాదని తోచును. పగలు అడవిని చూచుచు పోవుట మన వంతు. రాత్రి ఆ రోడ్డు దాటుట మృగముల వంతు. ఇంత పొడవు బండిని అడవి నడుమ ఆపి, దీపములు వెలిగించి, విందు చేసికొందుమనుట విహారము కాదు, ఆక్రమణ.

తీరము సంగతి కొంత సులువు. కత్తిపూడి నుండి ఒంగోలు వరకు సాగు 216వ జాతీయ రహదారి బాపట్ల, చీరాలల మీదుగా పోవును. సూర్యలంకకును వాడరేవునకును దిగు చిన్న దారులకు సరుగుడు తోపుల నీడ కలదు. ఇసుకలో వెనుక చక్రము దిగబడకుండ తారు అంచునే నిలుపుకొన్నచో చాలును. గాలి మాత్రము ఎత్తైన బండికి శత్రువు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరము దాటినది ఈ బాపట్ల దాపుననే.

దోర్నాలలో ఒకటి, చీరాల దాపున ఒకటి, వినుకొండ దగ్గర ఒకటి మజిలీలు కావలెను: చదునైన నేల, త్రాగునీటి కుళాయి, స్నానపు గది, దీపము, మురుగు తొట్టి ఖాళీ చేయుటకు మూతగల గుంట. వానిని విహారులకే కేటాయించి గేటు పెట్టినచో నేను సమ్మతింపను. మిరప టిక్కీలు నింపుకొని గుంటూరు యార్డు వెలుపల వరుసలో పడిగాపులు పడు లారీ డ్రైవరు, క్యాబినులో పడుకొని, లారీ నీడన స్టవ్వు వెలిగించి అన్నము వండుకొను క్లీనరు ఎన్నడో ఈ సంచార గృహస్థాశ్రమమును స్వీకరించిన వారే గదా! వారికి ఆ కుళాయి ఉచితముగానే తెరవవలెను. రుసుము విహారుల వద్ద తీసికొని, నిర్వహణను పంచాయతీకి అప్పగింపవచ్చును.

గుంట విషయములో మాత్రము ఉపేక్ష పనికిరాదు. అది లేనిచో ఆ మురుగును చీకటిమాటున పారబోయుటకు దారిప్రక్కన కనబడునది సాగరు కాలువ. దిగువ పల్లెలవారు చెరువులలో నింపుకొని వేసవియంతయు త్రాగునది ఆ నీరే.