కొత్త పలక కొనదగినదేనా?

మూసారంబాగు నుండి కొత్తపేట వరకు సాగే రహదారికి ఇరువైపులా రెండు రకాల ప్రకటనలు కనబడతాయి. ఒక వరుసలో ర్యాంకులు సాధించిన విద్యార్థుల ముఖచిత్రాలు. మరొక వరుసలో సెల్‌ఫోన్లు, టాబ్లెట్ కంప్యూటర్లు. దిల్‌సుఖ్‌నగర్ కూడలిలో నిలబడి చూసేవారికి ఆ రెండింటికీ ఏదో బంధుత్వం ఉన్నదనే భ్రమ కలుగుతుంది. జూన్ నెల వచ్చిందంటే నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం ప్రాంతాల తల్లిదండ్రులు ఎల్.బి.నగర్ చౌరస్తాలో బస్సు దిగి, ఒక చేత పెట్టె, మరొక చేత బిడ్డ చెయ్యి పట్టుకొని వసతిగృహాలు వెదుక్కుంటూ బయలుదేరుతారు. కళాశాల రుసుము, వసతి రుసుము, పుస్తకాల ఖర్చు ముగిసిన తరువాత వారి ముందు ఇప్పుడు మరొక ప్రశ్న నిలుస్తున్నది: పిల్లలకు ట్యాబ్ కొనిపెట్టాలా, వద్దా?

నా సమాధానం ముందే చెప్పివేస్తాను. ఇంట్లో ఒక మంచి ఫోను ఇప్పటికే ఉన్నట్లయితే, ఇంటర్మీడియట్ చదివే విద్యార్థి కోసం అప్పుచేసి కొత్త టాబ్లెట్ కొనవలసిన అవసరం లేదు. తప్పక కొనవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి, అవి వేరు.

పలక తెలుగువారికి కొత్త వస్తువు కాదు. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో ఓనమాలు దిద్దిన చేతికి ఆ తరువాత అందేది పలకా బలపమే. మార్కాపురం రాతిపలకలు ఎన్నో బడులలో తరాల తరబడి పిల్లల చేతులలో నలిగాయి. తడిగుడ్డతో తుడిస్తే మళ్ళీ కొత్తదయ్యేది. చేయి జారితే పగిలేది. దానితో వ్రాయడం తప్ప మరొక పని చేయడానికి వీలులేదు. అదే దాని సుగుణం. నేటి పలక అన్ని పనులూ చేస్తుంది. చిక్కంతా అక్కడే ఉన్నది.

2010 జనవరిలో ఆపిల్ సంస్థ ఐప్యాడ్‌ను ప్రకటించిన తరువాత టాబ్లెట్లకు ప్రపంచమంతటా గిరాకీ పెరిగింది. మరుసటి సంవత్సరం, 2011 అక్టోబరు 5న, భారత ప్రభుత్వం విద్యార్థుల కోసం 'ఆకాశ్' అనే చవక టాబ్లెట్‌ను ఆవిష్కరించింది. డేటావిండ్ సంస్థ ఐ.ఐ.టి. రాజస్థాన్ పర్యవేక్షణలో ప్రభుత్వానికి దానిని దాదాపు 2,276 రూపాయలకు సరఫరా చేయడానికి ఒప్పుకున్నది. అందులో సగం భారం ప్రభుత్వానిది. ఆ తొలి యంత్రాలను కూర్చినది మన హైదరాబాదులోని కర్మాగారంలోనే కావడం విశేషం. ప్రపంచంలోనే అతి చవకైన టాబ్లెట్ అని పత్రికలు కొనియాడాయి. తీరా చేతికి వచ్చిన తరువాత, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 మెగాబైట్ల ర్యాం, గట్టిగా అదిమితే తప్ప పలకని ఏడంగుళాల తెర పాఠానికి చాలలేదు. అందులో వాడిన ఆండ్రాయిడ్ 2.2 లో తెలుగు లిపికి అంతర్గతమైన ఏర్పాటు కూడా లేదు. తెలుగు పలకని పలక తెలుగు విద్యార్థికి ఎంత ఉపకరిస్తుంది? 2012 నవంబరులో మెరుగుపరచిన రెండవ ఆకాశ్ వచ్చింది, బాధ్యత ఐ.ఐ.టి. బొంబాయికి మారింది. అప్పటికే ఉత్సాహం చల్లారింది. ఉద్దేశం మంచిదే, ధర అందుబాటులోనిదే. అయినా ఏ పనికి వాడాలన్న ప్రశ్నకంటే ఎంత చవకగా ఇవ్వగలమన్న ప్రశ్న ముందు నడిచింది. దుకాణంలో నిలబడిన మనం కూడా తరచు ఆ రెండవ ప్రశ్ననే ముందు వేసుకుంటాం.

ఈ పలకను సమర్థించేవారు కరోనా కాలాన్ని గుర్తుచేస్తారు. అది న్యాయమే. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుండి పాఠాలు టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్ళ ద్వారా, అంతర్జాలం ద్వారా నడిచాయి. ఇంట్లో ఒకే ఫోను, ఇద్దరు పిల్లలు ఉన్నచోట ఎవరి పాఠం ఎవరు వినాలన్నది తగవుగా మారింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులు పంచింది. బడి మూతపడినప్పుడు యంత్రమే బడి. కాని ఇప్పుడు బడులు తెరిచి ఉన్నాయి. ఉదయం మొదలుకొని రాత్రి స్టడీ అవర్ ముగిసేదాకా విద్యార్థి ఉపాధ్యాయుని ఎదుటే కూర్చుంటున్నాడు. అతనికి కొదవైనది పాఠం కాదు, విన్న పాఠాన్ని తనంతట తాను నెమరువేసుకొనే సమయం.

పరీక్షల సంగతి చూద్దాం. ఇంటర్మీడియట్ బోర్డు వార్షిక పరీక్ష నేటికీ మూడు గంటలపాటు కలంతో కాగితం మీద వ్రాసే పరీక్ష. చేతివ్రాత, వేగం, సమాధానాన్ని పేరాలుగా విడగొట్టే నేర్పు అక్కడ మార్కులను నిర్ణయిస్తాయి. మరి పోటీపరీక్షలు కంప్యూటరు మీదనే కదా అనవచ్చు. జె.ఇ.ఇ. మెయిన్ 2019 నుండి పూర్తిగా కంప్యూటరు మీదికి మారింది. మన ఎంసెట్, అనగా నేటి ఎప్‌సెట్, 2018 నుండి అలాగే జరుగుతున్నది. అయితే అక్కడ విద్యార్థి ముందుండేది బల్ల మీది కంప్యూటరు. చేతిలో ఉండేది మౌసు. జె.ఇ.ఇ. మెయిన్‌లో సంఖ్యారూప సమాధానాలను సైతం తెరమీది మీటలను మౌసుతో నొక్కి నమోదు చేయాలి. లెక్క చేసేది మాత్రం రఫ్ కాగితం మీద, కలంతోనే. ఇక ఒడిలో పెట్టుకొని వేలితో తడిమే టాబ్లెట్ ఈ రెండు పరీక్షలలో దేనికి అభ్యాసం? మాదిరి పరీక్షలు వ్రాయడానికి కళాశాల కంప్యూటరు గదిలో వారానికి ఒక గంట ఎక్కువ అడిగి తీసుకోవడం ఇంతకంటె మేలు. ఆ గంటకోసం తల్లిదండ్రులు కళాశాలవారిని గట్టిగా నిలదీయాలని నా అభిప్రాయం. రుసుము చెల్లించేది వారే కదా.

చేతితో వ్రాసుకున్న నోట్సు గొప్పదా, యంత్రంలో ఎక్కించుకున్న నోట్సు గొప్పదా అన్న వాదం శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా తేలలేదు. 2014లో ముల్లర్, ఓపెన్‌హైమర్ అనే పరిశోధకులు అమెరికాలో జరిపిన ప్రయోగాలలో చేతితో వ్రాసుకున్నవారు భావనలకు సంబంధించిన ప్రశ్నలలో ముందుండగా, 2021లో ఇతరులు అదే ప్రయోగాన్ని తిరిగి జరిపినప్పుడు అంత తేడా కనబడలేదు. కనుక ఆ పరిశోధనను చూపి పిల్లలను బెదిరించడం సరికాదు. పెరూ దేశపు అనుభవం మాత్రం ఆలోచింపదగినది. అక్కడి బడులలో లక్షల సంఖ్యలో చిన్న కంప్యూటర్లు పంచిన తరువాత, 2012లో ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు పరిశోధకులు పరిశీలించగా, గణితంలోను, భాషలోను మార్కులు పెరిగిన దాఖలా కనిపించలేదు. యంత్రాలు ఇచ్చినంత శ్రద్ధగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వలేదు. చేత నాగలి ఉన్నంత మాత్రాన చేను దున్నబడదు కదా!

ఇన్ని చెప్పినా కొనక తప్పదనుకునేవారు ఒక్క లెక్క వేసుకోవాలి. తెరను అంగుళాలలో చెప్పేటప్పుడు మూల నుండి మూలకు కొలుస్తారు. 8.7 అంగుళాలు అని వ్రాసి ఉన్న పలక అసలు వెడల్పు సుమారు 12 సెంటీమీటర్లు మాత్రమే. మన జిరాక్సు కాగితం, అనగా ఏ4 పుట, వెడల్పు 21 సెంటీమీటర్లు. ఆ పుటను ఈ తెరలో ఇమిడిస్తే అక్షరం దాదాపు సగానికి కుదించుకుపోతుంది. ఆంగ్లాక్షరమైతే ఎలాగో చదువుకోవచ్చు. మన తెలుగులో వత్తులు, గుణింతపు గుర్తులు చీమలబారులా మారిపోతాయి. 'క్ష్మ' వంటి సంయుక్తాక్షరాన్ని కళ్ళు చికిలించి ఊహించుకోవాలి. తెరను పెంచి చూద్దామంటే పుట పక్కకు జారిపోతుంది. 11 అంగుళాల పలకలో అదే పుట మూడింట రెండు వంతులకు కాస్త పైగా కనిపిస్తుంది, గంటసేపు చదవగలం. కాబట్టి చదువు కోసమే కొనేవారు చిన్న పలకతో డబ్బు మిగిలిందని సంతోషించరాదు. అంత మాత్రం తెర దాదాపు ఫోనులోనే ఉన్నది.

ఖర్చు విషయం. అచ్చుపుస్తకానికి జి.ఎస్.టి. లేదు; టాబ్లెట్‌కు 18 శాతం ఉన్నది. 15,000 రూపాయల ధరలో దాదాపు 2,288 రూపాయలు పన్నే. దానికి తోడు అట్ట, తెరకు రక్షణ పొర, వ్రాసే కలం, నెలనెలా డేటా. ఇక వడ్డీలేని వాయిదాలంటూ దుకాణం ముందు వ్రేలాడే అట్టముక్కను నమ్మి లోపలికి అడుగుపెట్టేవారు, 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన హెచ్చరికను తెలుసుకోవాలి. సున్నా శాతం వడ్డీ అనేది వాస్తవంలో లేదనీ, వడ్డీని ప్రాసెసింగ్ రుసుములో దాచడం తగదనీ ఆ బ్యాంకు నాడే చెప్పింది. రొక్కానికి ఎంత తగ్గిస్తారో, వాయిదాలకు మొత్తం ఎంత కట్టాలో రెండు అంకెలనూ చీటీ మీద వ్రాయించుకుంటే వడ్డీ తానే బయటపడుతుంది. ఈ సరుకు నిలకడ కూడా అంతంత మాత్రమే. లిథియం బ్యాటరీ కొన్ని వందలసార్లు నింపిన తరువాత క్షీణిస్తుంది. సంస్థ భద్రతా మార్పులను పంపడం మానివేసిన పలక వెలుగుతూనే ఉన్నా ముసలిదైపోయినట్లే. ఎన్నేళ్ళు పంపుతారని కొనేముందు అడిగేవారు మాత్రం తక్కువ.

కొనవలసినవారు ఎవరు? చూపు మందగించిన విద్యార్థికి అక్షరాన్ని పెద్దదిగా చూపి, చదివి వినిపించే పలక విలాసం కాదు, కళ్ళజోడు వంటిది. ప్రభుత్వమో, కళాశాలో ఉచితంగా ఇవ్వవలసిన వస్తువు. చైతన్యపురి గదులలో అద్దెకుండి గ్రూప్స్‌కు, డి.ఎస్.సి.కి చదువుకునేవారు వందల పుటల ప్రభుత్వ నివేదికలను, ఎన్.సి.ఇ.ఆర్.టి. ఉచితంగా ఉంచిన పాఠ్యపుస్తకాలను తిరగవేయాలి. అవన్నీ అచ్చు తీయించుకుంటే అయ్యే ఖర్చును లెక్కిస్తే వారికి పెద్ద తెర పలక గిట్టుబాటే. చెల్లెలో, తమ్ముడో వెనుక తరగతులలో ఉండి, ఒకే పలకను నలుగురూ వాడుకోగల ఇంటి సంగతీ అంతే. ఇంటర్ విద్యార్థి వీరిలో ఎవరూ కాడు. పైగా చాలా వసతిగృహాలు ఫోను వలెనే ట్యాబ్‌ను కూడా లోపలికి రానివ్వవు. కొన్న వస్తువు వార్డెన్ బీరువాలో తాళంలో ఉంటే ఎవరికి లాభం? ఈ ఒక్క మాట కళాశాలలో ముందుగా అడిగి తెలుసుకుంటే కొందరి డబ్బు మిగులుతుంది.

'తోటివారందరికీ ఉన్నది, నాకే లేదు' అని బిడ్డ కన్నీరు పెట్టుకుంటే తల్లి మనసు ఆగదు. పుస్తెలు కుదువపెట్టి అయినా కొనాలనిపిస్తుంది. ఆ మాటను తేలికగా కొట్టివేయకూడదు. పదహారేళ్ళ వయసులో వెలితి నిజంగానే గుచ్చుకుంటుంది. అయితే నెలకు పదిహేను వేలు సంపాదించే ఇంట్లో అది ఒక నెల అన్నం అని బిడ్డకు దాచకుండా చెప్పడం అవమానమేమీ కాదు. పదహారేళ్ళవారు ఆ లెక్కను అర్థం చేసుకోగలరు. మనమే వారికి చెప్పము.

తొందరపడనక్కరలేదు. ఎవరైనా బంధువుల దగ్గర పాత ట్యాబ్ ఉంటే ఒక వారం అరువు తెచ్చి, రోజుకు ఎన్ని గంటలు పాఠానికి, ఎన్ని గంటలు ఆటకు పోయాయో దానిలోనే చూడవచ్చు. సెట్టింగులలో ఆ లెక్క ఉంటుంది. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గర మారితే చిక్కడపల్లిలో దిగవచ్చు. అక్కడి నగర కేంద్ర గ్రంథాలయంలో ఆదివారపు పూట కూర్చొని చదివి చూడవచ్చు. అప్పటికీ కావాలనిపిస్తే దసరా రోజులలో దుకాణాలు తగ్గింపులు ప్రకటించడం రివాజే. ఆనాడు దుకాణానికి తన తెలుగు పాఠ్యపుస్తకపు పి.డి.ఎఫ్.ను వెంట తీసుకొని వెళ్ళి, కొనబోయే పలకలో దానిని తెరిపించి, గుమ్మం వెలుపల ఎండలో నిలబడి ఒక పుట బిగ్గరగా చదవమని విద్యార్థినే అడగాలి.